సర్వర్ గదిలో వేడి

ఇండొనేషియాలోని జోగ్జాలో ప్రసజది చిన్న హోస్టింగ్ వ్యాపారం. ఇంటి ముందు భాగంలోనే సర్వర్ గది. ఊళ్లోని బాతిక్ బట్టల దుకాణాలు, బడులు తమ వెబ్‌సైట్లను అతని సర్వర్లలో పెట్టుకుని నిశ్చింతగా ఉండేవి. మనిషి మంచివాడే, కానీ అనుమానం పుట్టిందంటే తన నీడనైనా నిలదీసే రకం.

కొన్నాళ్లుగా అతను భోంచేసి కునుకు తీసే వేళకి సైట్లన్నీ పడిపోతున్నాయి. ఫోన్ల మోతకి లేచి వచ్చేసరికి సర్వర్లు ఆగిపోయి ఉంటున్నాయి. ఆ గది తాళం అతని తర్వాత రత్రి దగ్గరే ఉంటుంది. వ్యాపారం మొదలైన రోజు నుంచీ ఫోన్లెత్తి ఖాతాదారులకు జవాబు చెప్పేది ఆమే. ఆమె బావ పక్క వీధిలోని పోటీ కంపెనీలో పనిచేస్తాడు. ప్రసజ అనుమానానికి అంతకంటే ఏం కావాలి!

"అన్నా, నిన్న మీరు పడుకున్నప్పుడు చూశాను, గది కుతకుతలాడిపోతోంది. ఆ వేడికే సర్వర్లు ఆగిపోతున్నాయేమో, ఏసీ ఒకసారి చూపించండి," అంది రత్రి.

ప్రసజ వెళ్లి చూశాడు. గది చల్లగానే ఉంది. తన దృష్టి మళ్లించడానికే ఈ నాటకమనుకున్నాడు. ఆ సాయంత్రమే తాళం, పాస్‌వర్డ్ రెండూ మార్చేశాడు.

"నా మీద అనుమానమైతే మొహం మీదే అడగొచ్చుగా అన్నా?"

"మీ బావ ఎక్కడ పనిచేస్తున్నాడో నాకు తెలీదనుకున్నావా?"

రత్రి సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్లెత్తే దిక్కు లేక ప్రసజ కునుకు మానేసి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. అదే వేళకి సైట్లు మళ్లీ పడ్డాయి. గది తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. తాళం లేని వంటింటి వైపు తలుపు దగ్గర, రిమోట్ చేత్తో పట్టుకుని వాళ్లమ్మ!

"ఏసీ నువ్వా ఆపింది?"

"ఆపనా మరి? పొద్దస్తమానం ఈ మంచులో కూర్చుంటే ఒంట్లోకి గాలి దూరదూ? ఆ గాలి పోవడానికి రోజూ నాణెంతో నీ వీపు గీకలేక నా చేతులు పడిపోతున్నాయి. గది కాస్త వెచ్చబడుతుందని నువ్వు పడుకున్నప్పుడు ఆపుతున్నా. లేచేలోగా మళ్లీ వేస్తున్నా. తిడతావని చెప్పలేదురా."

ప్రసజకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉన్నపళంగా రత్రి ఇంటికి పరుగెత్తాడు. జరిగింది చెప్పి, కొత్త తాళంచెవి ఆమె ముందు పెట్టాడు.

రత్రి దాన్ని ముట్టుకోలేదు.

"వద్దన్నా. పొద్దునే మా బావ వాళ్ల కంపెనీలో చేరాను. ఎన్నేళ్ల నుంచో రమ్మంటున్నాడు. ఎందుకు వెళ్లలేదో మీకు తెలుసనుకున్నాను."