నర్సింలు అమ్మని కళ్లద్దాలు

పొద్దున కంట్లో చుక్క వేసుకున్న కాసేపటికి గొంతులోకి చేదు దిగుతుంది. ఆ చేదుతో పాటే నారాయణగూడ కళ్లద్దాల నర్సింలు గుర్తొస్తాడు. అశోక్ నగర్ మొత్తంలో తన గ్లాకోమాను తానే పసిగట్టిన మొదటి మనిషిని నేనని చాలామందికి చెప్పాను. అందులో గ్లాకోమా ఒక్కటే నిజం. పసిగట్టింది నర్సింలు.

2011లో, ఏడాది తిరగకుండానే మూడోసారి అద్దాలు మార్చమని అతని దుకాణానికి వెళ్లాను. అతను అద్దాలు చూడలేదు, నన్ను చూశాడు.

"సార్, ఎడమపక్క స్టూలుకు మళ్ల తగిలిన్రు. పోయినసారి గూడ గంతే. మీ ఇంట్ల ఎవరికన్న చూపు పోయిందా?"

"మా బాపుకు పోయింది. ముసలితనం అనుకున్నం."

"కండ్లల్ల ఏమన్న చుక్కలు వేస్తున్నరా?"

జేబులోంచి సీసా తీసి దర్జాగా చూపించాను. ఎప్పుడో దురదకని డాక్టరు వారం రోజులకు రాసిన మందు. హాయిగా ఉందని నాలుగేళ్లుగా నేనే కొనుక్కుని వేసుకుంటున్నాను.

"ఇందుల స్టెరాయిడ్ ఉంది సార్. ఏండ్లకేండ్లు వేస్తే కంట్ల ప్రెషర్ పెరగొచ్చు. బాపు సంగతి ఉండనే ఉంది. మీకు అరవై దాటినయి. ఇంకేం కావాలె?"

"నొప్పి లేదు కదయ్యా."

"నొప్పి ఉంటే ఎప్పుడో దవాఖానకు ఉరుకుతుంటిరి. జర పోయి చూపించుకోండ్రి. అద్దాలైతే నేనియ్య."

పక్క దుకాణంలో కొనుక్కుంటానని బెదిరించాను.

"కొనుక్కోండ్రి. స్టూలు ఆడ గూడ ఉంటది" అన్నాడు.

వెళ్లి చూపించుకున్నాను. ప్రెషర్ వల్ల కంటి వెనక నరం దెబ్బతిని, ఎడమకంటికి పక్కచూపు చాలావరకు పోయిందన్నారు. పోయింది తిరిగిరాదు, ఉన్నది చుక్కలతో కాపాడుకోవచ్చు. ఆ మాట చెప్పడానికి వెళితే నర్సింలు మా చెల్లెలు శకుంతల గురించి అడిగాడు. ఆమె ఉండేది మా పక్కనే చిక్కడపల్లిలో, అద్దాలూ అతని దగ్గరే.

"తోబుట్టువులకు గూడ రావచ్చు సార్. చెల్లెకు చెప్పిన్రా?"

నర్సింలు ఇప్పుడు లేడు. అతని అలవాటు మాత్రం నాకు అంటుకుంది. పార్కులో ఎవరైనా పరిచయమైతే, ఊరూ పేరూ తెలియకముందే వాళ్లింట్లో ఎవరికైనా చూపు పోయిందా అని అడుగుతాను. కొందరు బెంచీ మారుతారు. ఒకరిద్దరు మాత్రం వెళ్లి పరీక్ష చేయించుకున్నారు. శకుంతలనైతే అతను అడిగిన మర్నాడే వెంటబెట్టుకుని తీసుకువెళ్లాను. జబ్బు మొదట్లోనే దొరికింది. ఆమె చూపు ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ఇంతవరకు రాసి ఆమెకే చదవమని ఇచ్చాను. చదివి, కాగితం నా ఒళ్లో పెట్టింది.

"మర్నాడా? ఆర్నెల్లు నాకు చెప్పనే లేదు నువ్వు. గుడ్డోడయితుండని నలుగురు అంటరని దాచినవ్. నర్సింలన్న ఇంటికొచ్చి చెప్పిండు, ఆయనే ఆటో ఎక్కించి దవాఖానకు తోల్కపోయిండు. నువ్వు ఆడికి గూడ రాలేదన్నా. అది రాయి."