ఎముకలో పూసలు

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం తీసేసి నమ్మండి.

శంషాబాద్‌లో బస్సెక్కేనాటికి నా కాలు దూలమంత ఉంది. మోకాలి కింద ఎముకకు చీము పట్టింది. మర్నాడు ఎముక గీకి, మందు కలిపిన పూసలు లోపల పెడతామన్నారు డాక్టరు. అవి పనిచేయకపోతే కాలు తీసేయాల్సి రావచ్చన్నారు. నా గుండె చప్పుడుకు డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పక్క సీట్లో ఉన్నాయన కొత్వాల్‌గూడలో కూరగాయలు పండిస్తాడట. నా కట్టు చూసి, "పూసలు పెడ్తరా అన్నా?" అన్నాడు.

"రేపే. మీకెలా తెలుసు?"

"నాకూ పెట్టిన్రు." పంచె జరిపి మచ్చ చూపించాడు. అది ఔటర్ రింగు రోడ్డంత పొడుగుంది.

"కొన్ని దినాలకు కుట్లల్లకెల్లి తెల్లనీళ్లు కారినయ్. మల్ల చీమే, ఇగ కాలు పోయిందని ఏడ్సిన. దవాఖానకు ఉరికితే, పూసలు కరుగుతున్నయ్, గవే నీళ్లన్నరు. నీకూ కారితే పోయి చూపించుకో. గని ముందే సావకు."

"ఇప్పుడు భయం లేదా?"

"ఎందుకుండదే? రోజూ లేవంగనే ముట్టి చూస్కుంట, ఎచ్చగుందా అని."

నా చెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టాడు. వేడి లేదు. మామూలు కాలులాగే ఉంది. నేను మర్యాదగా వెంటనే చెయ్యి తీసేసుకున్నాను.

ఆపరేషనయ్యాక కొన్నాళ్లకు నాకూ తెల్లనీళ్లు కారాయి. వెళ్లి చూపించుకున్నాను, ఏడవలేదు.

ఇందులో పచ్చి కల్పన ఒక్కటే, చెయ్యి వెంటనే తీశానన్నది. రాజేంద్రనగర్‌లో ఆయన, "ఇగ ఇడ్సిపెట్టన్నా, నేను దిగాలె" అనేదాకా తీయలేదు.