మెస్ట్రే స్టేషన్‌లో నన్ను చూశారట

ఈ సంగతి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు పెట్టాను. మొదటిసారి నాలుగు నవ్వుబొమ్మలు వచ్చాయి. రెండోసారి ఒకాయన దాని కిందే బిర్యానీ ఎవరెవరికి కావాలో చెప్పమని అడిగాడు. మూడోసారి అడ్మిన్ తీసేశాడు. ఇక్కడైనా చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

నేను దెయ్యాలనీ ఆత్మలనీ నమ్మే మనిషిని కాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ చూస్తాను. ఏ లేబర్ క్యాంపు నుంచి ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని రోజూ పికప్ షీటు తయారుచేస్తాను. కాగితం మీద ఉన్నదే నమ్ముతాను.

రమేష్, నేను అయిదేళ్లు ఒకే గదిలో ఉన్నాం. అతని భార్య సుజాత వచ్చాక వేరే ఫ్లాటుకి మారాడు గానీ, శుక్రవారం నా భోజనం వాళ్లింట్లోనే. ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. రెండేళ్ల కిందట ముగ్గురం ఇటలీ వెళ్దామనుకున్నాం. నాకు మిగతా ఊళ్ల మీద ఆశ లేదు. వెనిస్ చూడాలి. రోజంతా బస్సుల మధ్య బతికేవాణ్ణి, ఒక్క బస్సూ తిరగని ఊళ్లో జనం ఎలా వెళ్లొస్తారో చూడాలనిపించింది.

"రూటంతా నువ్వే చూడరా, నీకది రోజూ చేసే పనే కదా" అన్నాడు రమేష్.

మూడు నెలలు కూర్చుని మా పికప్ షీటు పద్ధతిలోనే రాశాను. దుబాయ్ నుంచి నేరుగా వెనిస్‌కి విమానం ఉంది. అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి పడవా ఉంది, బస్సూ ఉంది. బస్సు ఊరి అంచు దాకానే, ఆ తర్వాత ఏ బండీ వెళ్లదు. రోమ్ మీదుగా అయితే రైలు, సుమారు నాలుగు గంటలు. ఊళ్లో తిరగడానికి వాపొరెట్టో అని నీటి బస్సు. ఒకటో నంబరు పెద్ద కాలువ పొడుగునా ఆగుతూ వెళ్తుంది, రెండోది తక్కువ చోట్ల ఆగుతుంది. ఎక్కేముందు టికెట్టు మిషన్‌కి తాకించాలి. మిగతాదంతా నడకే. వంతెనలకి మెట్లుంటాయి కాబట్టి మనిషికి ఒక చిన్న బ్యాగు. వాళ్లిద్దరూ రోమ్ కూడా చూడాలన్నారు, అందుకని రైలు ఖాయం చేశాను. హోటల్లో ముగ్గురికీ సరిపోయే గది తీసుకున్నాం.

వీసా పని రమేష్ తీసుకున్నాడు. నా పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు, కంపెనీ లెటరు ఒక కవర్లో పెట్టి, స్టేపుల్ కొట్టి ఇచ్చాను. నెల తర్వాత "నీకు స్లాటు దొరకలేదురా" అన్నాడు. నమ్మాను. పైగా వాళ్లని వాళ్ల కారులోనే ఎయిర్‌పోర్టులో దింపి, కారు వెనక్కి తెచ్చింది కూడా నేనే.

ఇంటి దగ్గర పార్కింగ్ కార్డు కోసం కారు డ్యాష్‌బోర్డు అర తెరిచాను. నా కవరు అందులో ఉంది. నేను కొట్టిన స్టేపుల్ కొట్టినట్టే ఉంది.

మర్నాడు సుజాత స్టేటస్‌లో రోమ్ ఫొటో పెట్టింది. ముగ్గురున్నారు. మూడో మనిషి సుజాత వాళ్ల అక్క పద్మ గారు, అబుదాబీలో నర్సు, అక్కణ్ణుంచే విమానం ఎక్కారట. నేను ఆవిడ పేరు వినడమే గానీ ఎప్పుడూ కలవలేదు. ఆవిడకి నడుము ఆపరేషన్ అయిందనీ, కాస్త మార్పు కోసం తీసుకెళ్లారనీ తర్వాత తెలిసింది. అడిగితే నేనే తప్పుకునేవాణ్ణి. అడగలేదు. నా షీటు మాత్రం పట్టుకెళ్లారు.

వాళ్లు వెనిస్ రైలెక్కిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మనకి మధ్యాహ్నం రెండు కావస్తోంది, అక్కడ పన్నెండు. ఎందుకో నా షీటు కాపీ తీసి మ్యాపుతో సరిచూశాను. తప్పు కనబడింది. 'వెనీజియా (వెనిస్‌కి వాళ్ల పేరు) అన్న బోర్డు కనబడగానే దిగాలి, బయటికి రాగానే ఎదురుగా పడవల రేవు' అని రాశాను. మా క్యాంపుల్లో అంతే, పేరున్న మొదటి గేటు దగ్గరే దింపుతాం. కానీ అక్కడ ఆ పేరుతో రెండు స్టేషన్లున్నాయి. ముందు వచ్చేది మెస్ట్రే. అది ఇవతలి గట్టున మామూలు ఊరు, రేవూ లేదు, పడవలూ లేవు. వెనిస్‌కి దిగాల్సింది ఆ తర్వాతి సాంటా లూచియాలో.

ఫోన్ తీసి రమేష్‌కి టైపు చేశాను. "ఊరు ఇది కాదు, తర్వాతది. కూర్చోండి."

పంపబోతుంటే కవరు గుర్తొచ్చింది. అక్షరం అక్షరం చెరిపేశాను. సామాన్లు మోసుకుని తిరగనీ అనుకున్నాను. ఇది దాచను.

తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి నేను వెళ్లలేదు, టాక్సీలో వచ్చారు. ఆ శుక్రవారం కారు తాళాలూ కవరూ పట్టుకుని, మొహం మీదే అడుగుదామని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసింది పద్మ గారు. నన్ను చూసి నవ్వారు.

"మీరా. ఆ రోజు థాంక్స్ చెప్పేలోపే కనబడకుండా పోయారు. బొటనవేలు తగ్గిందా?"

ఆ రైలు రోజు పొద్దున బస్సు తలుపులో పడి నా ఎడమ బొటనవేలు నలిగింది. ఆఫీసులోనే కట్టు కట్టించుకున్నాను. ఆవిడని కలిసేనాటికి కట్టు తీసేశాను, వాపు కూడా తగ్గిపోయింది. ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లతో నేను మాట్లాడితే కదా.

ఆవిడ చెప్పింది ఇది. మెస్ట్రే రాగానే రమేష్, సుజాత రైలు పెట్టె చివర సామాన్ల దగ్గరికి వెళ్లారు. ఈవిడ లేవబోతుంటే పక్కన నిలబడ్డ మనిషి, కట్టున్న చెయ్యి సీటు మీద ఆనించి, తెలుగులో అన్నాడట. "ఊరు ఇది కాదు, తర్వాతది. కూర్చోండి." ఈవిడ కేకేసి వాళ్లిద్దరినీ ఆపారు. తలుపులు మూసుకున్నాక తిరిగి చూస్తే అతను లేడు.

లోపల్నుంచి రమేష్ వచ్చాడు. "ఓహో, మాకు చెప్పకుండా వచ్చేశావన్నమాట. మరి మూతి ముడుచుకుని తిరగడం దేనికిరా?"

"పోనీలెండి అన్నయ్యా, మీరూ వెనిస్ చూసినట్టే కదా. చెయ్యి కడుక్కోండి, పప్పు చల్లారిపోతోంది" అంది సుజాత.

గదికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాను. వీసా లేదు, ముద్ర లేదు. ఆ రోజు ఆఫీసు హాజరు, రెండు గంటలకి నేను సంతకం చేసిన పికప్ షీటు ఫోన్లో చూపించాను. పద్మ గారు అన్నీ రెండేసిసార్లు చదివారు. నా చేతివంక చూశారు.

రమేష్ ఒక్కటీ చూడలేదు. "ఖలాస్ రా. నేను తీసుకెళ్లలేదు, నువ్వు మమ్మల్ని కాపాడావు. చెల్లుకి చెల్లు" అన్నాడు. బల్ల మీద పెట్టిన నా కవరు మీద కూర గిన్నె పెట్టాడు.

పోలికలున్న ఇంకెవరో తెలుగాయన అనుకుని చూశాను. అనుకోండి. అదే వేలికి కట్టా? నేను చెరిపేసిన మాటలే, అదే వరసలోనా? ఆ మాటలు నా ఫోన్లోనే మిగల్లేదు. రెండేళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకు తేలలేదు.

నాకు తెలిసింది ఒక్కటే. వాళ్లని నేను ఆపలేదు. నేను క్షమించనివాళ్లని నా మొహం తగిలించుకుని ఎవరో క్షమించారు, దాంతో నాకు జరిగింది అడగడానికి వీల్లేకుండా పోయింది. అడిగితే నువ్వూ వచ్చావుగా అంటారు.

రమేష్, నువ్విది చదువుతావని తెలుసు. రైల్లో ఉన్నది ఎవరో నీకూ తెలియదు, నాకూ తెలియదు. అది వదిలేయ్. ఆ కవరు ఎందుకివ్వలేదో నీకు తెలుసు. అది చెప్పు.