తన మాటనే మళ్ళీ పరీక్షించబోయిన చెన్నకేశవులు గారు

వేరుశనగ పరిశోధకులు చెన్నకేశవులు గారు ఇక లేరన్న వార్త మొన్న కళ్యాణదుర్గం బస్టాండులో విన్నాను. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. పరిశోధనా కేంద్రంలో పదకొండేళ్ళు ఆయన పక్క గదిలో దస్త్రాలు రాసినవాణ్ణి. ఆయనకు అన్యాయం చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

డెబ్బైల మొదట్లో, వరుణుడు కరుణించిన ఒక ఏడాది, వేరుశనగ సాళ్ళు దగ్గర దగ్గరగా విత్తితే దిగుబడి పెరుగుతుందని ఆయన నిరూపించారు. ఆ ఒక్క పంటతో ఆయన కీర్తి జిల్లా దాటింది. కరపత్రాలు అచ్చయ్యాయి, శాలువాలు కప్పారు. విత్తే గొర్రు పట్టిన ప్రతి రైతుకూ ఆయన పలుకు వేదవాక్కయింది.

తరువాత వానలు వరుసగా మొహం చాటేశాయి. దగ్గర సాళ్ళే ముందుగా మాడిపోవడం ఆయన కంటపడింది.

"ఒక్క మంచి ఏడు చూసి చెప్పేసినానప్పా! కరువులో మళ్ళీ చూడల్ల. రైతు చేన్లోనే, మూడేండ్లు చూడల్ల" అన్నారు.

తన ప్రయోగాన్ని తానే తిరిగి చేయడానికి నిధులు కోరారు. రుజువైనదానికి మళ్ళీ ఖర్చెందుకని పై అధికారులు మూడుసార్లు తిప్పికొట్టారు. మూడోసారి ఆ జవాబు రాసిన కలం నాది. పైవాళ్ళు రాయమన్నారు, రాశాను. ఈనాటికీ సిగ్గుగా ఉంది.

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వేం చేస్తావులే. పేరొచ్చినోనికి తప్పు ఒప్పుకునే దోవ కూడా ఇయ్యరు" అన్నారు, అంతే. అంతటి సత్యనిష్ఠ, అంతటి నిరహంకారం నేను మరొకరిలో చూడలేదు.

నిధులు రాకపోయినా, నన్ను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి దగ్గరగా విత్తొద్దంటూ తన మాటను వెనక్కి తీసుకోబోయారు. హనుమన్న అనే రైతు నవ్వేశాడు.

"ఊరుకో సార్! అచ్చేసిన మాట అబద్ధమైతాదా? వాన రాకుంటే నీదేం తప్పు?"

"తప్పేమో హనుమన్నా. చూపిచ్చేదానికి నా దగ్గర ఏముండాది?" అన్నారాయన.

నిన్న సంతాపసభలో అదే హనుమన్న కండువాతో కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "సార్ పేరు నిలబెడతాం. ఈ ఏడు మా ఊరంతా ఇంకా దగ్గరగా ఇత్తుతాం."

"వద్దన్నా, సారే వద్దన్నాడు కదా" అన్నాను.

"అది ఆయన పెద్దమనసు. నువ్వెవరప్పా ఆయన మాట కాదనేకి?"

చెన్నకేశవులు గారి మాట తప్పని చెప్పే అర్హత ఈ జిల్లాలో ఒక్కరికే ఉండేది. ఆ మహనీయునికి కన్నీటితో నమస్కరిస్తున్నాను. విత్తనాలు వేసే రోజులు వచ్చేశాయి. ఆయన లేరు.