రేటెడ్ కెపాసిటీ దాటిన మదర్‌బోర్డు

ఆ రోజుల్లో మా భిలాయిలో ఏ యంత్రమైనా తన శక్తికి మించి పనిచేస్తేనే దానికి గౌరవం. ఉక్కు ప్లాంటులో ఏ విభాగమైనా రేటెడ్ కెపాసిటీ దాటిందంటే ఆ సంగతి రంగు సుద్దముక్కలతో బోర్డు మీదికెక్కేది, షిఫ్టులో ఉన్నవాళ్లందరికీ మిఠాయి పొట్లాలు అందేవి. రేటెడ్ కెపాసిటీ అంటే, ఈ యంత్రం ఇంతవరకు పనిచేస్తుందని దాన్ని తయారు చేసినవాడు రాసిచ్చిన హద్దు. ఆ హద్దు దగ్గరే ఆగిపోవడం మా ఊళ్లో కాస్త నామోషీ. మా నాన్న బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములో పనిచేసేవారు. ఆయన తెచ్చిన ఆ మిఠాయి పేడాలు తిని పెరిగినదాన్ని కనుక, కంప్యూటర్‌ని దాని హద్దు దాటించి పరుగెత్తించే ఓవర్‌క్లాకింగ్ అనే విద్య ఒకటుందని ఏదో పత్రికలో చదవగానే, అది నా కోసమే పుట్టిందనుకున్నాను. (అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఏది చదివినా నా కోసమే పుట్టిందనిపించే వయసు.)

రాష్ట్రం కొత్తగా విడిపోయి, స్కూటర్ల నంబరు పలకల మీద ఎం.పి. పోయి సి.జి. వస్తున్న కాలమది. సెక్టర్ 4లోని మా క్వార్టర్లో నా చదువు పేరు చెప్పి కొన్న కంప్యూటర్ ఒకటి ఉండేది. దాన్ని నాకంటే శ్రద్ధగా వాడింది మా అత్త. నాన్నకు సొంత చెల్లెలు, పక్క వీధిలో కాపురం, స్కూల్లో టీచరు. వేసవి సెలవుల్లో మా చర్చిలో పిల్లలకు పది రోజులపాటు పాటలూ బైబిలు కథలూ నేర్పే వి.బి.ఎస్. జరిగేది, దానికి పెద్ద దిక్కు ఆవిడే. మా వాళ్లందరూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. పిల్లలమేమో ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నవాళ్లం. తెలుగు పాట ఎత్తుకుంటే పిల్లల పెదాలు కదిలేవి తప్ప గొంతు పెగిలేది కాదు, ఎందుకంటే పుస్తకంలో అక్షరాలు వాళ్లకు రావు. (నేనూ ఆ పెదాల బృందంలో చాలా ఏళ్లు సేవ చేశాను.) కిందటి వేసవిలో అలా నలభై మంది మూగ గాయకుల ముందు ఒంటరిగా పాడి పాడి అత్త గొంతు పోయింది. దాంతో ఆవిడ పంతం పట్టి, తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో టైపు చేసి పుస్తకం తయారు చేయడానికి పూనుకుంది. చలికాలం మొదలుకొని రోజూ స్కూలు నుంచి వచ్చి, మా కంప్యూటర్ ముందు కూర్చుని, రెండే రెండు వేళ్లతో ఎనభై పాటలు కొట్టింది.

"ఫ్లాపీలో కూడా పెట్టీయవే, అమ్మీ" అని మధ్యమధ్యలో అడిగేది. "హార్డ్ డిస్క్‌లో బిల్కుల్ సేఫ్ అత్తా. ఫ్లాపీలు ఇప్పుడెవరు వాడుతున్నారు?" అనేదాన్ని నేను. ఆ మాట అన్న నోటిని తలుచుకుంటే ఇప్పటికీ నాకే మొట్టబుద్ధవుతుంది.

మా పాత మదర్‌బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కి పనికొచ్చేది కాదు. కొత్త బోర్డు కావాలి. అది చవగ్గా ఉండాలి, వేగం పెంచినా నిలకడగా నిలబడాలి, ముందుగా నాన్న ఒప్పుకోవాలి. ఒక ఆదివారం ఆయన పేపరు చదువుతుంటే పక్కన చేరాను.

"నాన్నా, మన ప్రాసెసర్‌ని మంచి బోర్డులో పెడితే రేటెడ్ కంటే మూడో వంతు ఎక్కువ నడిపించొచ్చు."

పేపరు కిందికి దిగింది. "మూడో వంతా? రేటెడ్ కంటేనా?"

"హా. ప్రాసెసర్ మార్చక్కర్లేదు కూడా."

"మరి ఇన్నాల్లూ దాన్ని ఉత్తినే కూకోబెట్టీసినావేటి?" అని నాన్న నన్ను కోప్పడ్డారు. ఇలాంటి తండ్రి ఇంకే ఊళ్లోనూ దొరకడని ఆ క్షణంలో నేను గర్వపడ్డాను. (నిజంగానే దొరకడు. ఇంకో ఊరి తండ్రయితే పాడవుతుందేమో అని అడిగేవాడు.)

పవర్‌హౌస్ బజారులో మేం వెళ్లిన కంప్యూటర్ కొట్టు యజమానిని మా కాలేజీలో అందరూ వారంటీ భయ్యా అనేవారు, ఏం అడిగినా ఆ ఒక్క మాటే జవాబు కాబట్టి. ఆయన మూడు బోర్డులు బల్ల మీద పెట్టాడు. మొదటిది మా స్థోమతకు మించినది. దాన్ని మర్యాదగా చూసి మర్యాదగా పక్కన పెట్టాం. రెండోది ఎర్రగా నిగనిగలాడుతూ, పెట్టె మీద మంటల బొమ్మతో, ఏ ప్రాసెసరూ చేరలేని వేగాలన్నీ వరసగా అచ్చువేసుకుని ఉంది. మూడోది బురద రంగులో, ఏ బొమ్మా లేని పెట్టెలో ఉంది. నా మనసు ఎర్రదాని మీద పడిపోయింది. నాన్న ప్లాంటు బూట్లతోనే వచ్చారు. బోర్డులు రెండూ అటూ ఇటూ తిప్పి చూసి, తన హిందీలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"భయ్యా, యే ఫెయిల్ హోగా తో కిస్ పొజిషన్ మే రుకేగా?"

ఫర్నేస్‌లో పనిచేసేవాళ్లకు అది మామూలు ప్రశ్నేనట. కరెంటు పోతే ఏ వాల్వు తెరుచుకుని ఆగాలి, ఏది మూసుకుని ఆగాలి అన్నది ముందే తేల్చుకోకపోతే అక్కడ ప్రాణాలు పోతాయి. కానీ మదర్‌బోర్డు ఆగిపోతే ఏ స్థితిలో ఆగుతుందని ఆ కొట్లో అంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

"అంకుల్, వారంటీ హై" అన్నాడు భయ్యా.

"వారంటీ నై, పొజిషన్" అన్నారు నాన్న.

చివరికి రెండు పుస్తకాలూ తెరిపించి నా చేత చదివించారు. ఎర్ర బోర్డు పుస్తకంలో దాని గొప్పలు తప్ప ఆగిపోతే ఏమిటన్న ఊసే లేదు. బురద బోర్డు మాత్రం, ఎక్కువ వేగంతో మొదలవలేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు దానంతట అదే మామూలు వేగానికి వచ్చేస్తుందట. ప్రాసెసర్ వేగం ఎంత పెంచినా హార్డ్ డిస్క్ వైపు వెళ్లే వేగాన్ని పెరగనివ్వదట. "ఇదే ఇచ్చీయ్" అన్నారు నాన్న తెలుగులోనే. స్కూటర్ వెనక ఆ బొమ్మలేని పెట్టెను ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపుల్లో ఓడిపోయినదానిలా ముఖం వేలాడేసుకుని ఇల్లు చేరాను.

వేగం పెంచడం మొదలుపెట్టాక ముఖం మళ్లీ వెలిగింది. నాన్న ఒక పాత షిఫ్టు రిజిస్టరు తెచ్చి, టైము, వేగం, వేడి, రిమార్క్స్ అని గళ్లు కొట్టారు. ఒక మెట్టు ఎక్కించడం, గంట చూడడం, రాయడం. ఆయన డ్యూటీలో ఉంటే రాత నాది. మొదటి మెట్టు నిలబడిన రోజు నిజంగానే పేడాలు తెచ్చి వీధిలో పంచారు, ఎందుకో చెబితే ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ తిన్నారు. అమ్మకు మాత్రం ఒళ్లు మండింది. "కుక్కర్లో పప్పు మాడిపోనాదని కూడా రాయండి ఆ బుక్కులో. ఇంట్లో దాన్ని సూసీ నాథుడు లేడు" అంది.

మే నెల వచ్చింది. భిలాయి ఎండలో మనుషులే హద్దు దాటి వేడెక్కుతారు, ప్రాసెసర్ మాట చెప్పాలా! నాలుగో మెట్టు దగ్గర అది మొండికేసింది. అప్పుడు నాకు తట్టిన ఉపాయం మా ఊరి పిల్లకు తప్ప ఎవరికీ తట్టదు. కిటికీకి బిగించిన గడ్డి తడికెల కూలర్ ఉందిగా, నీళ్లలో తడిసిన గాలిని గదిలోకి గుప్పించేది, మా అందర్నీ బతికిస్తున్నది! కంప్యూటర్‌ పక్క రేకు విప్పేసి, దాన్ని సరిగ్గా ఆ కూలర్‌కి ఎదురుగా పెట్టాను. నాన్న కూడా చూసి, "గాలి బాగానే తగుల్తాది" అని మెచ్చుకున్నారు. వేడి దిగింది. నాలుగో మెట్టు నిలబడింది.

వి.బి.ఎస్. సోమవారం మొదలు. అంతకు ముందు గురువారం నాలుగింటికి అత్త వచ్చి ఆఖరి పాట సరిచూసుకుని, ఎనభై పాటలూ అచ్చు తీసుకుని జిరాక్స్‌కి ఇవ్వాలి. ఆవిడ కోసం ఆ పాట ఫైలు తెరిచే ఉంచాను. మూడున్నరకు నాకు బుద్ధి పుట్టింది. ఆవిడ వచ్చేలోగా ఐదో మెట్టు చూద్దాం అని. ఫైలు మూయలేదు, రిజిస్టర్లో రాయలేదు. వేగం మార్చడానికి మెషిన్ని అలాగే బటన్ నొక్కి ఆపి, ఐదో మెట్టుకి పెట్టి ఆన్ చేశాను. కూలర్ ఒక తుమ్ము తుమ్మి, రేకు విప్పిన బోర్డు మీద నీళ్లు చిమ్మింది. తెర నల్లబడింది. ఫ్యాను తిరుగుతోంది, అంతకుమించి ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఎప్పుడు వచ్చిందో, వెనక నుంచి అత్త గొడుగు మూసిన చప్పుడు. "ఏటే, ఆపీసినావా? తియ్ తియ్, బేగి."

"కొంచెం వేడెక్కింది అత్తా. రెస్ట్ ఇచ్చాను" అన్నాను. అత్త నా ముఖం చూసింది, నల్ల తెర చూసింది, నీళ్ల చుక్కలు చూసింది. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. ఆవిడ ప్రార్థన చేస్తోందని తెలుసు. నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న నాన్నను లేపాను. ఆయన నేరుగా రిజిస్టరు తీశారు. "ఆకరి రీడింగు ఏటి?"

"రాయలేదు నాన్నా."

"పాడు సెయ్యడం కాదే తప్పు. రాయకపోడం తప్పు" అన్నారు. ఆయన నన్ను అంత గట్టిగా అన్నది అదే మొదటిసారి. తర్వాత ఆయన ఇంట్లో మనిషి కాదు, కంట్రోల్ రూములో మనిషి. ముందు ప్లగ్గు పీకారు. ఒక అట్టముక్క మీద "కామ్ చాలూ హై, స్విచ్ మత్ ఛేడో" అని, అంటే పని జరుగుతోంది, స్విచ్ ముట్టుకోవద్దని రాసి స్విచ్‌బోర్డుకి తగిలించారు. ప్లాంటులో ఎవరైనా యంత్రంలో చెయ్యి పెట్టేముందు అలా తగిలిస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్నది అత్తతో కలిపి నలుగురమే అయినా తగిలించవలసిందే. బోర్డు విప్పి, నూలు గుడ్డతో ఒక్కో చుక్కా అద్ది, ఎండలో కాకుండా నీడలో రెండు గంటలు ఆరబెట్టారు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది.

బిగించి ఆన్ చేశాం. చిన్న బీప్. ఆ వేగంతో మొదలవలేకపోయాను, మామూలు వేగానికి వచ్చేశాను అని తెర మీద వినయంగా రెండు లైన్లు. ఆ బురద రంగు బోర్డుని ముద్దు పెట్టుకోబుద్ధేసింది. హార్డ్ డిస్క్ తనను తాను తనిఖీ చేసుకుంటుంటే అంకె ఒక్కొక్కటే పెరగడం ముగ్గురం గుడ్లప్పగించి చూశాం. డెబ్బై తొమ్మిది పాటలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. తెరిచి ఉంచిన ఆ ఆఖరిది మాత్రం పిచ్చి గీతల కుప్పయింది. నాకు ఏడుపు ఆగలేదు. పోయినదానికి కాదు, మిగిలినవాటికి.

అత్త నవ్వింది. "ఒక్కటేనా? ఒక్కటైతే నాకు నోటికొచ్చు. కూకో, నాను పాడతాను, నువ్వు కొట్టు."

ఆవిడ పాడుతోంది, నేను హిందీ అక్షరాల్లో కొడుతున్నాను. దారి తప్పిన గొర్రెపిల్ల పాట అది. చిన్నప్పటి నుంచీ పెదాలు కదిపిన పాటే. ప్రతి మాట దగ్గరా ఆపించాను, ఎందుకంటే నాకు మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియదు. "సెలయేరంటే ఏంటత్తా?" అన్నాను. "వానాకాలంలో ఉతై రోడ్డు పక్కన సిన్న నాలా పారతాది సూడు, అదేనే" అంది. ఆ నాలా ఒడ్డున తప్పిపోయిన గొర్రెపిల్ల అప్పుడు మొదటిసారి నాకు కనిపించింది. నాన్న వెనక నిలబడి, ఎవరూ అడగకుండానే, రిజిస్టర్లో ఏదో రాసుకుంటున్నారు.

సోమవారం చర్చిలో ఆ గొర్రెపిల్ల పాటకు నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. అత్త మొదటి చరణం తర్వాత పాడడం ఆపేసి ఊరికే వింటూ నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నేను వెనక వరసలో ఉన్నాను. పుస్తకం తెరవలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఎనభైలో నాకు చూడకుండా వచ్చే పాట ఇప్పటికీ అదొక్కటే. మూడో వంతు ఎక్కువ వేగం కోసం కంప్యూటర్‌ని కూలర్‌కి ఎదురుగా నిలబెట్టిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క పాట కొట్టడానికి ఆ పిల్లకు సాయంత్రమంతా పట్టింది, అంత హాయైన సాయంత్రం మళ్లీ దానికి దొరకలేదు.