గుమ్మమే ముందుకొచ్చింది

మా వీధిలో ఆయన్ని అందరూ ఫొటోల బాబాయి అంటారు. పెళ్లిళ్లలో ఫొటోలు తీసి పొట్టపోసుకునే మనిషి. ఏటా ఒక్కసారి మాత్రం మా ఇళ్లన్నీ తిరిగి, ఎవరి గుమ్మంలో వాళ్లను నిలబెట్టి ఫొటో తీసి, ఒక కాపీ ఊరికే ఇచ్చేవాడు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అదే చోట నిలబడేవాడు. కుట్టుపని చేసే అమ్మాయి ఇంటికి ఆ గుర్తు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం. దానికి వీపు ఆనించి తీసేవాడు.

భర్త పోయాక ఆ అమ్మాయి వీధి వైపు చిన్న గది వేసుకుని, అందులో మిషను పెట్టుకుంది. మంచం పట్టిన అత్తగారి మందులూ, ఇద్దరి తిండీ ఆ మిషను మీదే. బాబాయి కెమెరా సంచి పట్టీ తెగినప్పుడల్లా కుట్టిపెట్టి, "డబ్బులిచ్చావో, మళ్లీ తెంపేస్తా" అనేది.

నిరుడు మేమే బలవంతపెట్టి ఆయన ఫొటోలన్నీ ఏళ్ల వరసన వీధి గోడకు తగిలింపజేశాం. "ఒరేయ్, నీ తలమీద ఇంత జుట్టుండేదా!" అని ఒకటే నవ్వులు. రోడ్డు వెడల్పు పని మీద వచ్చిన ఆఫీసరూ ఆగి చూశాడు. కుట్టు అమ్మాయి మొహం ఒక ఏడు నుంచి ఉన్నట్టుండి పెద్దగా కనబడుతోంది.

"ఈ ఏడు నుంచి దగ్గరికెళ్లి తీశారా పెద్దాయనా?" అనడిగాడు ఆఫీసరు.

మెచ్చుకుంటున్నాడనుకున్నాడు పాపం బాబాయి. "నేను అంగుళం జరగను సార్. గుమ్మమే ముందుకొచ్చింది!"

వారం తిరక్కుండా, రోడ్డు మీదికి కట్టారని, కూల్చాలని ఆ గది గోడ మీద ఎర్ర గీత పడింది. బాబాయి ఆఫీసుకు పరుగెత్తి, "నేనే జరిగానండీ, నాదే పొరపాటు" అన్నాడు. అబద్ధం అలవాటు లేని నోరు. ఎవరూ నమ్మలేదు.

కూల్చే రోజు ఆయన వట్టి చేతులతో వచ్చి మిషను మోయబోయాడు.

"కెమెరా ఏది బాబాయ్?"

"ఇక ముట్టను తల్లీ. నీ కూడు పడగొట్టింది."

"పడగొట్టేది వాళ్లు. వెళ్లి పట్రా. ఇక్కడ కూర్చుని బతికానని రేపు ఎవరికి ఏం చూపించను?"

మెడలో టేపుతోనే గుమ్మంలో నిలబడింది. కూల్చే బండి డ్రైవరు ఇంజను ఆపి, తలవంచుకుని కూర్చున్నాడు. ఆ కాసేపు ఆగినందుకు దేవుడు అతన్ని చల్లగా చూడాలి.

"కళ్లు తుడుచుకుని తియ్యి. మసగ్గా వచ్చిందంటే ఊరుకోను."

ఇప్పుడు అత్తగారి మంచం పక్కనే మిషను. పగలే లైటు వేసుకుని కుడుతోంది. బాబాయి సంచి పట్టీ తెగితే ముడివేసుకుని తిరుగుతున్నాడు. మొన్న ఆ అమ్మాయి ఆయన్ని వీధిలోనే ఆపి, భుజం మీంచి సంచి లాక్కుని లోపలికెళ్లింది. ఆయన స్తంభం దగ్గరే నిలబడిపోయాడు. గుమ్మం దాకా వెళ్లడానికి కాళ్లు రాలేదు.