వీరభద్రం గారి రెండువందల పదమూడో బ్యాచ్

ఎవరికీ వినపడని చప్పుళ్లన్నీ వీరభద్రం గారికి వినపడతాయి. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. అది లేకపోతే పిస్కాటవే ఊరు మొత్తంలో అంత నెమ్మదైన మనిషి దొరకడు.

ఉద్యోగం ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. ఒక్క బిళ్ల మీద ఆవగింజంత మచ్చ కనిపించినా చాలు, "బ్యాచ్ రిజెక్ట్!" అని లక్ష బిళ్లలూ పక్కన పెట్టించేస్తారు. ఆఫీసులో అలా అంటే జీతమిస్తారు. ఇంట్లో అంటే ఏమవుతుందో, భార్య దమయంతి గారి ఇడ్లీలను ఒక వాయ మొత్తం రిజెక్ట్ చేసిన రోజున ఆయనకు తెలిసింది. ఆ వారమంతా ఓట్సే తిన్నారు.

ఇలాంటి మనిషి కౌబాయ్‌లు పాడుకునే కంట్రీ మ్యూజిక్ బృందం ఒకటి పెట్టారు. పేరు 'పిస్కాటవే పశులకాపరులు'. నలుగురు సభ్యుల్లో ఏ ఒక్కరూ పశువును కాచిన పాపాన పోలేదు. గిటారు వీరభద్రం గారిది, పాట దమయంతి గారిది. బాంజో జగదీష్ గారు వాయిస్తారు. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్న పుణ్యానికి ఫిడేలు రేణు చేతికి వచ్చింది. నలుగురికీ డాలర్ షాపులో కొన్న కౌబాయ్ టోపీలున్నాయి. దమయంతి గారి టోపీ ఆవిడ కొప్పు మీద ఎన్నడూ సరిగ్గా కూర్చోలేదు.

వాళ్ల ఆల్బమ్ పేరు 'ఎగ్జిట్ టెన్', అంటే టర్న్‌పైక్ హైవే మీంచి వాళ్ల ఊరికి దిగే దారి. అందులో ఎనిమిది తెలుగు పాటలు, ఎడారి లేదు, గుర్రం లేదు, అంతా టర్న్‌పైక్ మీద ట్రాఫిక్కూ, పాత సియెన్నా వ్యానూ, రాని గ్రీన్ కార్డూ. ఏడు పాటలు మొదటి ఏడాదిలోనే అయిపోయాయి. వాటిలో బాంజో మధ్యలో ఎక్కడో వచ్చి కలుస్తుంది. ఎనిమిదోది మాత్రం నలుగురూ ఒకేసారి ఎత్తుకోవాలి. దాన్ని ఐదేళ్లుగా ప్రతి శనివారం మధ్యాహ్నం రెండింటికి వీరభద్రం గారి బేస్‌మెంట్‌లో రికార్డు చెయ్యడం మొదలెడుతున్నారు. మొదలెట్టడమే గాని ఒక్కసారీ నాలుగో సెకను దాటలేదు.

"ఆపండి! బ్యాచ్ రిజెక్ట్!" హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది ఆయనొక్కరే కాబట్టి ఎదురు చెప్పేవాళ్లు లేరు.

"ఇప్పుడేమైందండీ?"

"పైన ఫ్రిజ్ గుయ్యిమంటోంది."

ఒక లావుపాటి రిజిస్టర్ తీసి తేదీ, కారణం రాసి సంతకం పెట్టేవారు. సాక్షి సంతకం దమయంతి గారిది.

ఇక్కడ జగదీష్ గారి సంగతి చెప్పాలి. ఎవరికైనా ఇబ్బంది అంటే ఆయన ప్రాణం ఊరుకోదు. ఫ్రిజ్ అనగానే మరుసటి వారం నుంచి తనే ముందుగా వచ్చి, వీరభద్రం గారితో కలిసి దాన్ని గరాజ్‌లోకి మోసేవారు. కుర్చీ కిర్రుమందంటే కొబ్బరినూనె పూశారు. పక్కింటివాళ్ల గడ్డి మెషీన్ అంటే, శుక్రవారం సాయంత్రమే వెళ్లి వాళ్ల గడ్డి తనే కోసి వచ్చారు. ఉడుతలు అన్నప్పుడు పల్లీల సంచితో రెండు వీధుల అవతల పార్కుకెళ్లి, సరిగ్గా ఒంటిగంటన్నరకి వాటికి విందు పెట్టి వచ్చేవారు. ఇప్పటికీ ఆ పార్కులో ఉడుతలు శనివారమంటే లావుగా ఉంటాయి.

ఇలా చప్పుడు చేసేవన్నీ ఒక్కొక్కటీ నోరు మూసుకుంటుంటే వీరభద్రం గారి చెవి ఇంకా పదునెక్కింది.

"రిజెక్ట్! కార్పెట్ పెరుగుతోంది."

"కార్పెట్ పెరగడమేంటండీ, గడ్డా?" అంది రేణు.

"రిజెక్ట్! పక్కవీధిలో ఎవరో తుమ్మబోయి ఆగారు."

"ఆగారు కదా!"

"ఆగిన చప్పుడమ్మా."

జగదీష్ గారు మాత్రం సీరియస్‌గా తలూపి, "పక్కవీధిలో ఎవరింట్లో అయ్యుంటుందంటారు? జలుబు బిళ్లలు ఇచ్చొస్తాను," అనేవారు.

రేణు నవ్వి ఊరుకునేదే. కానీ ఆమె భర్త రాజ్‌కి దేశానికి అవతలి ఒడ్డున ఫ్రీమాంట్‌లో ఉద్యోగమొచ్చి అతను ముందే వెళ్లిపోయాడు. సోమవారం సామాను తీసుకెళ్లడానికి మూవర్స్ వస్తున్నారు. మిగిలింది ఒక్క శనివారం. ఆరేళ్లు ఈ ఊళ్లో ఏం చేశావని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆమెకు ఈ ఆల్బమ్ ఒక్కటే ఉంది. అది కూడా కార్పెట్ పెరగడం వల్ల ఆగిపోయిందంటే ఏడుపొస్తుంది, నిజంగానే.

ఆ శనివారం ఒక గంట ముందే వచ్చింది. మగవాళ్లిద్దరూ పైన ఫ్రిజ్ మోస్తున్నారు. దమయంతి గారు వంటింట్లో ఉన్నారు. బల్ల మీద రిజిస్టర్ కనిపిస్తే, చింపి పోగులు పెట్టాలన్నంత కోపంతో తెరిచింది. రెండువందల పన్నెండు రిజెక్టులు. పక్కనే హెడ్‌ఫోన్లు. ఉడుత అని రాసిన టేక్, అంటే ఆనాటి రికార్డింగ్, ఒకటి పెట్టుకుని వింది. ఉడుత లేదు. తుమ్ము టేక్ వింది. తుమ్ము లేదు, ఆగిన తుమ్మూ లేదు. ప్రతిదాంట్లోనూ ముగ్గురు ఎత్తుకుంటారు, ఒక్క అర క్షణం తర్వాత బాంజో వస్తుంది. ఇరవై టేకులు వింది. ఇరవైలోనూ అంతే. రిజిస్టర్ మొత్తం తిరగేసినా జగదీష్ అన్న పేరు ఒక్కచోటా లేదు.

వీరభద్రం గారు మెట్లు దిగి, ఆమె చెవుల మీద హెడ్‌ఫోన్లు చూసి నిలబడిపోయారు.

"రికార్డులో అబద్ధాలు రాశారా? మీరా?" అంది రేణు.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "లేఆఫ్ చేసినప్పుడు వాళ్ల మేనేజర్ జగదీష్‌ని స్లో అన్నాడటమ్మా. పదిమంది ముందు. నెల రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. బాంజో చేతికిచ్చి నేనే లాక్కొచ్చాను. మళ్లీ నేనే లేటవుతున్నావని అనమంటావా? ఫ్రిజ్‌ని ఎన్ని అన్నా పడుతుంది."

రేణుకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఐదేళ్లుగా పిచ్చివాడనుకున్న మనిషిని ఇప్పుడు ఏమనాలో తోచక టోపీ పెట్టుకుంది.

రెండయింది. "ఇవాళ ఒక పద్ధతి చేద్దాం," అంది రేణు. "జగదీష్ గారు ఎత్తుకుంటేగాని మనం ఎత్తుకోకూడదు."

అందరూ ఆయన కోసం ఆగారు. ఆయన అందరి కోసం ఆగారు. రెండు నిమిషాలు గడిచాయి.

వీరభద్రం గారు పారవశ్యంగా కళ్లు తెరిచి, "ఐదేళ్లలో ఇంత శుభ్రమైన టేక్ రాలేదు," అన్నారు.

అప్పుడు రేణుకి వెలిగింది. అందరూ తలో వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో జగదీష్ గారు ఏనాడూ ముందు ప్లేటు పట్టుకోరు. అందరూ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే తను ముట్టుకుంటారు. బాంజో దగ్గరా అదే మర్యాద. కానీ వాళ్లింట్లో భోజనమైతే? అందరికన్నా ముందు లేచి గరిటె పట్టుకునేది ఆయనే.

పైకి పరిగెత్తి వంటింట్లోంచి గరిటె తెచ్చింది. "జగదీష్ గారూ, ఈ పాట మీ ఇంటి భోజనం. మేం ముగ్గురం చుట్టాలం. ఆకలితో కూర్చున్నాం. మీరు వడ్డించాలి."

"అయ్యయ్యో, అలాగా! ముందే చెప్పకపోయారా?" జగదీష్ గారు కంగారుగా గరిటె బెల్టులో దోపుకుని, చుట్టాల ఆకలి చూడలేక టంగుమని బాంజో ఎత్తుకున్నారు. ముగ్గురూ అందుకున్నారు.

నాలుగో సెకను దాటింది. ఐదు. పది. ఇంతదూరం ఎన్నడూ రాలేదు కాబట్టి రెండో చరణం ఎవరికీ గుర్తులేదు. దమయంతి గారు తడుముకోకుండా టర్న్‌పైక్ ఎగ్జిట్లన్నీ వరసగా పాడేశారు. భలే కుదిరింది. రేణు ఫిడేలు ఆపకుండా ఏడుస్తూ నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే పైన కుక్కర్ విజిలేసింది. వీడ్కోలు భోజనానికి దమయంతి గారు పప్పు పెట్టి మరిచిపోయారు. రెండో విజిల్. మూడో విజిల్, బేస్‌మెంట్ కిటికీ అద్దం అదిరింది.

పాట అయిపోయింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి వీరభద్రం గారి వైపు చూశారు. ఆయన నింపాదిగా హెడ్‌ఫోన్లు తీసి రిజిస్టర్ తెరిచారు.

"భద్రం గారూ," జగదీష్ గారు బిక్కమొహం వేసుకుని అన్నారు, "మూడు విజిళ్లు పడ్డాయండీ. వచ్చే వారానికి ఆ కుక్కర్‌కి నేనేదైనా..."

"ఏ విజిళ్లు?" అన్నారు వీరభద్రం గారు. "నాకేమీ వినపడలేదే!"

బ్యాచ్ 213. చప్పుళ్లు: లేవు. పాస్. సంతకం పెట్టి రిజిస్టర్ భార్య వైపు తోశారు. దమయంతి గారు కూడా చుట్టూ ఒకసారి విన్నట్టు నటించి, సాక్షి సంతకం చేశారు.

తర్వాత పైన భోజనానికి కూర్చున్నారు. జగదీష్ గారు యథాప్రకారం అందరూ మొదటి ముద్ద తినేదాకా ఆగారు. పప్పు బాగా మాడింది. ఆ వాసన మాత్రం వీరభద్రం గారి ముక్కుకి అసలు తగల్లేదు, రెండోసారి కూడా వేయించుకున్నారు.